బిల్లు రెండు వేలు, వెండరేమో 5 కిలోవాట్లు అంటున్నాడు. తిరుపతిలో ఎంత సోలార్ పెట్టిస్తే సరి?

కొర్లగుంట_కుర్రోడు
పైన, కింద కలిపి మాకు ఒకటే మీటరు. నెలకు 320 యూనిట్లు కాలుతుంది, బిల్లు రెండు వేలకు అటూ ఇటూ. ఏప్రిల్, మే నెలల్లో రెండు ఏసీలు వేస్తే 500 దాటిపోతుంది. సూర్యఘర్ పథకంలో (ఇంటి మిద్దె మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చేది) పెట్టిద్దామని ఒక వెండర్‌ని పిలిస్తే, మనిషి మిద్దె కూడా ఎక్కలేదు, గేటు దగ్గరే నిలబడి "5 కిలోవాట్లు వేసుకోండి సార్, మీరు వాడుకోగా మిగిలింది కరెంటోళ్ళకు అమ్ముకోవచ్చు, నెలనెలా ఆదాయం" అన్నాడు. ఇంకొకాయన 3 చాలన్నాడు. ఆయన 2 కిలోవాట్లకు 1.35 లక్షలు, 3 కిలోవాట్లకు 1.95 లక్షలు చెప్పాడు, సబ్సిడీ కాకముందు ధర. ఎవరి మాట నమ్మాలి? పైగా కరెంటు సర్వీసు ఇంకా మా తాత పేరు మీదే ఉంది, ఆయన పోయి చాలా కాలమైంది. తిరుపతి, చిత్తూరు వైపు పెట్టించుకున్నవాళ్ళు మీ లెక్కలు చెప్పండి. వీడియో లింకులు మాత్రం వద్దు.

మామిడితోట
3 వేయించు. మా చిత్తూరులో వీధి వీధంతా అదే.

లీలామహల్_సెంటర్
వీధంతా వేసుకున్నారని వేసుకుంటే ఎట్లన్నా, వాళ్ళ బిల్లు వేరు ఈయన బిల్లు వేరు కదా.

స్లాబులెక్క
లీలామహల్ చెప్పింది నిజం. ముందు స్లాబు చూడాలి, తర్వాతే కిలోవాట్లు. ఇళ్ళకు రేటు ఇట్లా ఉంది: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నువ్వు 320 కాలిస్తే ఒక్క యూనిట్ల ఖరీదే 1,848 అవుతుంది, ఫిక్స్‌డ్ ఛార్జీ, డ్యూటీ, సర్దుబాటు ఛార్జీలు వేరే.

ఇప్పుడు 2 కిలోవాట్లు పెట్టావనుకో. మన దగ్గర ఏడాది సగటున కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు వేసుకోవచ్చు, అంటే నెలకు 240. నీకు మిగిలేది 80 యూనిట్ల బిల్లు, 214 రూపాయల యాభై పైసలు. ఆదా 1,634. అదే 3 పెడితే ఆ 214 కూడా పోతుంది, అంతే. అంటే మొదటి రెండు కిలోవాట్లు కలిసి 1,634 మిగిలిస్తే మూడోది మిగిల్చేది 214. ఎందుకంటే సోలార్ యూనిట్ ఎప్పుడూ పై స్లాబును ముందు కొట్టేస్తుంది, 8.75 యూనిట్లు పోయాక 6 రూపాయలవి, చివరికి 3 రూపాయలవి, 1.90వి మిగులుతాయి. 1.90 కరెంటును మిద్దె మీద తయారు చేసుకోవడానికి అప్పు చేయడం ఎందుకు?

కేంద్రం ఇచ్చే సబ్సిడీ కూడా అట్లాగే ఉంది. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున 60 వేలు, మూడోదానికి 18 వేలే, మొత్తం 78 వేలు, ఆపైన 5 పెట్టినా 10 పెట్టినా 78 దాటదు. నీ వెండర్ ధరల ప్రకారం 2 కిలోవాట్లకు నీ జేబులోంచి 75 వేలు, నాలుగేళ్ళలోపే వచ్చేస్తుంది. మూడో కిలోవాటుకు అదనంగా 42 వేలు, అది తీరడానికి పదహారేళ్ళు.

కొర్లగుంట_కుర్రోడు
@స్లాబులెక్క అన్నా ఇది ఏ వెండరూ చెప్పలేదు!

పుత్తూరుకట్టు
వాళ్ళెందుకు చెప్తారప్పా, వాళ్ళు అమ్మేది కిలోవాట్లు, మన ఆదా కాదు.

గ్రీమ్స్‌పేట_అక్క
స్లాబులెక్క గారి కూడికలు తప్పు కాదు గానీ ఆయన వేసింది పన్నెండు నెలలూ 320 కాలినట్టు. తమ్ముడు ఎండాకాలంలో 500 దాటుతుందని పైనే రాశాడు, చదవలేదా? 520 కాలిన నెల తీసుకోండి. 2 కిలోవాట్లుంటే 280 మిగులుతుంది, 3 ఉంటే 160. ఆ మధ్యలోని 120 యూనిట్లలో 55 యూనిట్లు 8.75వి, 65 యూనిట్లు 6 రూపాయలవి, కలిపితే 871. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు ఇట్లా, మిగతా తొమ్మిది నెలలు మీ 214 చొప్పున వేసుకుంటే ఏడాదికి నాలుగున్నర వేలు. 42 వేలు తొమ్మిదేళ్ళ చిల్లరలో వస్తుంది, పదహారేళ్ళు కాదు. ప్యానెళ్ళకు పాతికేళ్ళ పనితీరు వారంటీ ఇస్తున్నారు, మిగతా పదిహేనేళ్ళూ లాభమే. రేపు ఎలక్ట్రిక్ స్కూటరో, ఇండక్షన్ స్టవ్వో వస్తే ఇంకా తొందరగా తీరుతుంది. మాకు స్కూటర్ వచ్చాకే 3 వేయించాం.

స్లాబులెక్క
ఎండాకాలం లెక్క ఒప్పుకుంటా అక్కా. కానీ పాతికేళ్ళూ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) బతకదు, మధ్యలో ఒకసారైనా మార్చాలి, ఆ ఖర్చు కూడా వేయండి. ఏసీలు తక్కువ వాడే ఇంటికి 2, రెండు ఏసీలు నడిచే ఇంటికి 3. నేను కొట్టిపారేసేది 5ని.

గ్రీమ్స్‌పేట_అక్క
5 విషయంలో నాదీ అదే మాట.

మామిడితోట
నేను మొదటి రిప్లైలోనే 3 అన్నా. ఇంత లెక్క వేసి అక్కడికే వచ్చారు 😄

రేణిగుంట_రైలు
మిగిలిన కరెంటు అమ్ముకుని సంపాదించొచ్చు అన్నది పెద్ద మాయ. నెట్ మీటరింగ్‌లో, అంటే బయటినుంచి తీసుకున్నదాంట్లో బయటికి పంపింది తీసేసి బిల్లు వేసే పద్ధతిలో, మనం పంపిన యూనిట్ మన వాడకంలో కొట్టేసినంతవరకే దానికి మంచి విలువ. వాడకం కంటే ఎక్కువ పంపితే ఆ మిగులుకు ఈఆర్సీ (విద్యుత్ నియంత్రణ మండలి) నిర్ణయించిన రేటు ఇస్తారు, అది మనం పై స్లాబులో కట్టే రేటు దరిదాపుల్లో ఉండదు. ఆదాయం కోసం 5 పెట్టేవాళ్ళు ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకోవడం మేలు.

ఏఐఆర్_బైపాస్
ఈ నెట్ మీటర్ మీద నాకో డౌట్. కాదు, కంప్లయింట్ అనే అనుకోండి. యాప్‌లో పోయిన నెల 360 యూనిట్లు తయారైనట్టు చూపించింది. బిల్లులో ఎక్స్‌పోర్ట్ 210 మాత్రమే వేశారు. 150 యూనిట్లు ఎవరు తిన్నారు? వెండర్‌ని అడిగితే "సిస్టమ్ అంతే సార్" అని ఫోన్ పెట్టేశాడు.

రేణిగుంట_రైలు
మీ ఇంటోళ్ళే తిన్నారు సార్. పగలు ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటరు, మిక్సీ నడిచింది ఏ కరెంటుతో? సోలార్‌ది ముందు ఇంట్లోకే పోతుంది, మిగిలిందే మీటరు దాటి బయటికి పోతుంది. మీటరుకు కనిపించేది బయటికి పోయింది 210, బయటినుంచి వచ్చింది ఎంతో అంత. ఇంపోర్ట్ ఎంతుంది?

ఏఐఆర్_బైపాస్
260.

రేణిగుంట_రైలు
అయితే బిల్లు 50 యూనిట్లకు వచ్చుండాలి. మీరు నిజంగా కాల్చింది 150 ప్లస్ 260, అంటే 410. 410 యూనిట్ల ఇంటికి 50 యూనిట్ల బిల్లు వస్తే దొంగలెవరు ఇక్కడ 😀

ఏఐఆర్_బైపాస్
50కే వచ్చింది. సరే సరే. మరి ఆ వెండర్ ఈ నాలుగు ముక్కలు చెప్పుంటే నాకు ఈ టెన్షన్ ఉండేది కాదు కదా.

తుమ్మలగుంట
దీనికి సంబంధించి ఇంకో జాగ్రత్త. నెట్ మీటర్ బిగించకముందే "ఆన్ చేసుకోండి, ఏం కాదు" అంటారు కొందరు ఫిట్టింగ్ వాళ్ళు. అస్సలు చేయొద్దు. మామూలు డిజిటల్ మీటర్లు చాలావరకు కరెంటు ఎటు పోయినా ముందుకే తిరుగుతాయి, అంటే మీరు బయటికి పంపినదానికి కూడా మీకే బిల్లు పడుతుంది. మా పక్కింటాయనకు పండగ చేసుకున్నట్టు బిల్లు వచ్చింది.

జీవకోన_కోతి
మాది కొండ కింద. కిలోవాట్ల సంగతి తర్వాత, కోతుల సంగతి చెప్పండి ఎవరైనా. మిద్దె మీద ఏమున్నా పీకుతాయి. డిష్ వైరు ఎన్నిసార్లు మార్చామో లెక్కే లేదు.

పుత్తూరుకట్టు
పేరు చూసి మీరే పీకుతారేమో అనుకున్నా.

అలిపిరి_మెట్టు
@జీవకోన_కోతి ప్యానెల్ అద్దం టఫెన్డ్ గ్లాస్, కోతి ఎక్కి కూర్చుంటే పగలదు. అసలు బాధ వైర్లతో. ప్యానెళ్ళ నుంచి ఇన్వర్టర్‌కు పోయే డీసీ కేబుల్ అంతా పైపులోనే పోవాలి, ప్యానెల్ కింద వేలాడే ముక్క కూడా ఫ్రేముకు స్టీలు టైలతో బిగించాలి, ప్లాస్టిక్ టైలు కట్టినా ఎండకు పొడైపోతాయి. మేము నాలుగు పక్కలా జీఐ మెష్ (జింకు పూత వేసిన ఇనుప వల) వేయించాం. అయినా పైకెక్కి పాడు చేసి పోతాయి, అది కడుక్కోవాల్సిందే. ఒక్క ప్యానెల్‌లో ఒక మూల మురికి గట్టిగా పట్టినా ఆ వరుస మొత్తానికి ఉత్పత్తి తగ్గుతుంది.

కాణిపాకం_రోడ్డు
కడగడం అంటే గుర్తొచ్చింది, బోరు నీళ్ళతో కడగొద్దు. మా వైపు బోరు నీళ్ళు ఎంత గడుసువో మీకు తెలుసు, బకెట్ అడుగున తెల్లగా కడుతుంది. అదే పొర అద్దం మీద కడితే గీకినా పోదు. వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి, లేదంటే మున్సిపాలిటీ నీళ్ళు వాడండి. ఆర్ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళు వేస్టు కాకుండా ప్యానెళ్ళకు పోస్తున్నా అని ఒకాయన గొప్పగా చెప్పాడు, ఉప్పంతా చేరేది ఆ నీళ్ళలోనే స్వామీ! కడిగేది పొద్దున్నే ఎండ రాకముందు. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయకండి.

శెట్టిపల్లి_వాసి
మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా సోలార్ ఉంది, ఒక్కరోజూ కడగలేదు, బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

కాణిపాకం_రోడ్డు
ఏ కంపెనీ ప్యానెళ్ళు సార్?

శెట్టిపల్లి_వాసి
ప్యానెళ్ళు కాదు, గొట్టాలు. స్నానానికి వేడినీళ్ళు వస్తాయి.

పుత్తూరుకట్టు
😂😂 అది గీజర్ సార్. థ్రెడ్ కరెంటు గురించి.

అలిపిరి_మెట్టు
నవ్వకండి, చాలామంది ఇట్లాగే అనుకుంటారు. తిరుమలలో అన్నప్రసాదానికి పెద్ద పెద్ద డిష్‌లతో సోలార్ వంట పెట్టారు కదా, అది కూడా కరెంటు అనుకునేవాళ్ళు ఉన్నారు. అక్కడ పెట్టిన అద్దాల డిష్‌లు ఎండను ఒకచోటికి చేర్చి నీళ్ళను ఆవిరి చేయడానికి, ఆ ఆవిరితో వంట. అది వేడితో పని. ఇది వెలుతురుతో పని.

ఫిజిక్స్_మాస్టారు
అలిపిరి_మెట్టు సరైన చోట ఆగారు, అక్కడి నుంచి నేను అందుకుంటా. వేడి వేరు వెలుతురు వేరు అన్న మాట మన ఊళ్ళకు చాలా ముఖ్యం. రోహిణి కార్తెలో ఎండ మండిపోతోంది కాబట్టి కరెంటు కూడా దండిగా వస్తుందనుకుంటారు. ప్యానెల్ మీద రాసి ఉండే 540 వాట్లు, 550 వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో బయట 42 ఉంటే ప్యానెల్ 65కు పోతుంది. ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 శాతం చొప్పున తగ్గుతూ పోతే 40 డిగ్రీల తేడాకు 14 శాతం పోయినట్టే. అందుకే మన దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో యాప్ చూడటానికి సంతోషంగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, వేడి ఇంకా ముదరదు. మే నెలలో పగలు పొడుగు కాబట్టి మరీ దెబ్బతినదు గానీ, ఎండను బట్టి ఊహించుకున్నంత రాదు.

ఇంకొకటి, మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ముసురే ముసురు. అప్పుడు 3 కిలోవాట్ల ప్లాంటు రోజుకు మూడు నాలుగు యూనిట్లు ఇచ్చినా ఆశ్చర్యపోకండి. హైదరాబాద్ వాళ్ళు చెప్పే నెలవారీ లెక్క మనకు సరిపోదు, వాళ్ళ వాన జూలై, ఆగస్టుల్లో పోతుంది. గాలి ఆడేలా ప్యానెల్ కింద ఖాళీ వదలండి, రేకుకు అంటించినట్టు బిగిస్తే ఇంకా కాగిపోతుంది. వాలు 13, 15 డిగ్రీల మధ్య చాలు, మన అక్షాంశం అదే, ముఖం దక్షిణానికి.

గ్రీమ్స్‌పేట_అక్క
మాస్టారూ కింద ఖాళీ వదలడానికి ఇంకో కారణం కూడా ఉంది. వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి, మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి? మగవాళ్ళు మిద్దె మొత్తం ప్యానెళ్ళకు రాసిచ్చేస్తారు, 3 కిలోవాట్లకు 300 చదరపు అడుగులు పోతుంది. మేము స్టాండు ఎత్తు తల తగలకుండా పెట్టించాం. అదనంగా తీసుకున్నాడు, పరవాలేదు.

తుమ్మలగుంట
ఎత్తు పెంచితే గాలివానకు జాగ్రత్త అక్కా. వేసవిలో సాయంత్రం పూట వచ్చే గాలికి మామిడికాయలు రాలిపోతాయి, మీకు తెలిసిందే. ఎత్తు స్టాండుకు అడ్డం బ్రేసింగ్ ఉండాలి, హాట్ డిప్ జీఐ పైపులే వాడాలి, పెయింట్ కొట్టిన ఇనుము వద్దు. మిద్దెకు బొక్కలు కొట్టకుండా కాంక్రీటు దిమ్మెలు పోయించండి, లేకపోతే నవంబరులో ఉరుస్తుంది.

వాస్తు_వేణు
ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు. స్టాండు ఉత్తరం పక్క ఎత్తుగా లేస్తుంది, అది దోషం.

పుత్తూరుకట్టు
అయితే సూర్యుణ్ణి ఉత్తరం పక్కకు రమ్మందామా అన్నా.

వాస్తు_వేణు
ఎగతాళి కాదు, నైరుతిలో పెట్టుకోండి అంటున్నా.

ఫిజిక్స్_మాస్టారు
నైరుతిలో సాధారణంగా నీళ్ళ ట్యాంకు ఉంటుంది వేణు గారూ, అది కూడా వాస్తు ప్రకారమే పెట్టించి ఉంటారు. మధ్యాహ్నం తర్వాత దాని నీడ ప్యానెళ్ళ మీద పడుతుంది. నీడ పడని చోటు ఏదైతే అది మంచి చోటు.

లీలామహల్_సెంటర్
నీడ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ రెండు ప్యానెళ్ళ మీద మధ్యాహ్నం మూడు నుంచి పడేది మాకు. అట్లాంటి చోట ప్యానెల్‌కొకటి మైక్రో ఇన్వర్టర్ పెట్టుకుంటే నీడ పడినవాటికే నష్టం, మిగతావి వాటి పని అవి చేసుకుంటాయి. ఖర్చు ఎక్కువ. నీడ లేని మిద్దెకు అనవసరం.

మంగళం_క్వార్టర్స్
నా బాధ వేరు. మొన్న లైను పని ఉందని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు తీశారు. పైన ఎండ పగిలిపోతోంది, ప్యానెళ్ళు తళతళా మెరుస్తున్నాయి, కింద ఫ్యాను తిరగదు. లక్షన్నర పెట్టి ఇదేంది?

రేణిగుంట_రైలు
మీది గ్రిడ్‌కు కట్టిన ఇన్వర్టర్. లైనులో కరెంటు పోతే అది కూడా ఆగిపోవాలి, అట్లాగే తయారు చేస్తారు. స్తంభం మీద లైన్‌మ్యాన్ పనిచేస్తుంటే మీ మిద్దె మీది కరెంటు వెనక్కి పోయి అతనికి తగిలితే? కోతల్లో కూడా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. బ్యాటరీకి సబ్సిడీ రాదు. మన తిరుపతిలో కోతలు అంత లేవు, ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్ బ్యాటరీ అట్లాగే ఉంచుకోండి.

మంగళం_క్వార్టర్స్
లైన్‌మ్యాన్ సంగతి వింటే న్యాయమే అనిపిస్తోంది. అమ్మేటప్పుడు "ఇక కరెంటు కోత అనేదే ఉండదు" అన్నాడు కదా, అదీ మంట.

కొర్లగుంట_కుర్రోడు
అందరికీ థాంక్స్. 2నా 3నా అన్నది ఇంట్లో మాట్లాడుకుంటాం, 5 అయితే లేదు. తాత పేరు సంగతి ఎవరూ చెప్పలేదు.

స్లాబులెక్క
ముందు పేరు మార్పించు, తర్వాతే సూర్యఘర్ పోర్టల్‌లో అప్లై చెయ్. బిల్లు మీద ఉన్న పేరూ అప్లై చేసే మనిషి పేరూ బ్యాంకు ఖాతా పేరూ ఒకటి కాకపోతే సబ్సిడీ దగ్గర ఇరుక్కుంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకో. మీ నాన్నకు అన్నదమ్ములుంటే ఆ సంతకాల దగ్గరే ఆలస్యం అవుతుంది, కరెంటోళ్ళ సెక్షన్ ఆఫీసులో కాదు.

మామిడితోట
అది మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. మా చిన్నాన్న సంతకం పెట్టడానికి మా తోట గట్టు తగాదా తెచ్చాడు.

కరకంబాడి_కేశవ
సబ్సిడీ ముందే తగ్గించి ఇస్తారనుకోవద్దు. మొత్తం కట్టాలి లేదా లోన్ పెట్టుకోవాలి, నెట్ మీటర్ పడి కమిషనింగ్ (ప్లాంటు నడపడం మొదలుపెట్టడం) అయ్యాక మన ఖాతాలో పడుతుంది. 3 కిలోవాట్ల దాకా 2 లక్షల వరకు తనఖా లేకుండా బ్యాంకులు ఇస్తున్నాయి, వడ్డీ రెపో రేటు మీద అర శాతం. ప్యానెళ్ళు డీసీఆర్‌వే ఉండాలి, అంటే లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనది. "ఇవి ఇంకా చవక సార్" అని వేరేవి అంటగడితే సబ్సిడీ పోయినట్టే. ఐదేళ్ళ మెయింటెనెన్స్ వెండర్ బాధ్యత, కాగితం మీద రాయించుకోండి.

ఏఐఆర్_బైపాస్
జీఎస్టీ 5 శాతానికి తగ్గిందన్నారు కదా, నా ఫ్రెండుకు కొటేషన్‌లో 8.9 వేశాడు. ఇదైనా మోసమా?

కరకంబాడి_కేశవ
ఇదీ కాదు సార్ 😀 2025 సెప్టెంబరు 22 నుంచి సామానుకు 12 నుంచి 5 అయింది. కానీ బిగించడంతో కలిపి ఇస్తే మొత్తంలో 70 శాతం సామాను, 30 శాతం సర్వీసు కింద లెక్క, సర్వీసుకు 18. రెండూ కలిపితే 8.9. ఇంతకుముందు 13.8 ఉండేది. ఇప్పటికీ 13.8 వేస్తే అప్పుడు గొడవపడండి.

పద్మావతిపురం_ఫ్లాట్
అపార్ట్‌మెంటు వాళ్ళం మేమేం చేయాలి? పది ఇళ్ళకు ఒకటే మిద్దె.

లీలామహల్_సెంటర్
లిఫ్టు, మోటరు, కామన్ లైట్ల మీటరుకు అసోసియేషన్ పేరు మీద పెట్టుకోవచ్చు, కిలోవాటుకు 18 వేలు సబ్సిడీ. కానీ ముందు పది ఇళ్ళూ ఒక్క మాట మీదికి రావాలి.

పద్మావతిపురం_ఫ్లాట్
వాచ్‌మ్యాన్ జీతం మీదే ఇంకా రాలేదు.

పలమనేరు_పాడి
వ్యవసాయ మోటరుకు కూడా ఇదే స్కీమా?

గ్రీమ్స్‌పేట_అక్క
కాదు, దానికి కుసుమ్ అని రైతుల సోలార్ పథకం వేరే ఉంది. వేరే థ్రెడ్ పెట్టండి, దీంట్లో కలిస్తే ఎవరికీ అర్థం కాదు.

జీవకోన_కోతి
మెష్ రేటు అడుగుదామని వచ్చా. ఇంకో మాట, ఎర్త్ గుంతలు మూడు తీయాలంటున్నాడు ఫిట్టర్. కింద అంతా సిమెంటు చేసేశాం. ఒకటి తీసి అన్నీ దానికే కలిపేస్తే?

తుమ్మలగుంట
కలపొద్దు. ఇంటి వైపు ఏసీ కరెంటుకు ఒకటి, ప్యానెళ్ళ వైపు డీసీ కరెంటుకు ఒకటి, పిడుగు తీగకు ఒకటి. మే నెల గాలివానలో పిడుగులు ఎట్లా పడతాయో కొండ కింద ఉన్నవాళ్ళు మీకు నేను చెప్పాలా? సిమెంటు పగలగొట్టించండి, ఒక్క పూట పని.

అలిపిరి_మెట్టు
మెష్ మీటర్ లెక్కన తీసుకున్నారు మాకు, ఫ్రేము చుట్టుకొలత చూసుకుని వాళ్ళే కొలిచి చెప్తారు. ప్యానెళ్ళు బిగించే రోజే వేయించండి, తర్వాత విడిగా పిలిస్తే ఎవడూ రాడు.